28 రోజుల తర్వాత కాంక్రీటులో ఏం జరుగుతుంది?

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

పోసి ఏళ్ళు గడిచిన కాంక్రీటు ఎందుకు ఉబ్బుతుంది, ఎందుకు కుంగుతుంది, లోపల నడిచే రసాయన చర్యలు దాని బలాన్ని ఎటు తీసుకుపోతాయి? ఈ నెల అందిన ప్రశ్నలు చాలావరకు దీని చుట్టూనే తిరిగాయి. వాటిలో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కాంక్రీటుతో పోసిన నమూనా దిమ్మలను, అంటే క్యూబులను, 28 రోజులకు నలగ్గొడితే వచ్చే అంకెనే కాంక్రీటు బలం అంటాం. ఆ తర్వాత బలం పెరుగుతుందా, అక్కడే ఆగిపోతుందా? ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కలిపితే బలం తగ్గుతుందంటారు, నిజమేనా?

జవాబు: 28 రోజులన్నది పరీక్ష కోసం మనం పెట్టుకున్న గడువు. సిమెంటు దాని లెక్కలో అది నడుస్తూనే ఉంటుంది. బలాన్నిచ్చేవి ముఖ్యంగా రెండు కాల్షియం సిలికేట్లు. ట్రైకాల్షియం సిలికేటు చురుకైనది, మొదటి నాలుగు వారాల బలంలో సింహభాగం దానిదే. డైకాల్షియం సిలికేటు నెమ్మది, దాని పని నెలలూ ఏళ్ళూ సాగుతుంది. రెండూ నీటితో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురును తయారుచేస్తాయి. ఇసుకనూ కంకరనూ పట్టి ఉంచేది ఈ జిగురే. దాని పక్కనే కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం, పలకలు పలకలుగా పేరుకుంటుంది. గట్టిపడిన సిమెంటు ముద్దలోని ఘనపదార్థంలో పరిమాణం లెక్కన 20–25 శాతం ఈ సున్నమే. బలానికి అది పెద్దగా అక్కరకు రాదు. కానీ కడ్డీలను తుప్పు నుంచి కాపాడే క్షారగుణం నిలిచేది దానివల్లే. కింది జవాబుల్లో ఈ సున్నం మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఫ్లై యాష్ ఆ సున్నాన్ని తీసుకుని మళ్ళీ జిగురుగా మారుస్తుంది. ముందు సున్నం పుట్టాలి, ఆ తర్వాతే ఫ్లై యాష్‌కు పని దొరుకుతుంది. అందుకే 25–30 శాతం ఫ్లై యాష్ ఉన్న కాంక్రీటు 7 రోజులకు వెనకబడి ఉంటుంది, 28కి దగ్గరకొస్తుంది, 90 రోజులకు చాలాసార్లు మామూలు సిమెంటును దాటుతుంది. దీనికి కావలసింది తడి. లోపలి తేమ 80 శాతం కిందికి జారితే చర్య దాదాపు నిలిచిపోతుంది. మామూలు సిమెంటుకు 7 రోజులు నీళ్ళు పడితే, ఫ్లై యాష్ గానీ స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం పొడి) గానీ ఉన్నదానికి 10 నుంచి 14 రోజులు పట్టాలి. నాలుగో రోజే తడపడం మానేసి, బలం రాలేదని ఫ్లై యాష్‌ను తప్పుపట్టడం అన్యాయం.

ఎండాకాలం పోసేవారికి ఇంకో మాట. 50 డిగ్రీల వేడిలో గట్టిపడిన కాంక్రీటు మొదటి వారం దూసుకుపోతుంది. కొన్ని వారాలు పోయాక మాత్రం 20 డిగ్రీల దగ్గర గట్టిపడినదే దాన్ని మించుతుంది. తొందరగా పుట్టిన జిగురు సిమెంటు రేణువుల చుట్టూ దట్టమైన పొరగా కమ్ముకుని నీటిని లోపలికి పోనివ్వదు, దూరంగా ఉన్న ఖాళీలు ఖాళీలుగానే మిగిలిపోతాయి.

ప్రశ్న: పన్నెండేళ్ళ నాటి రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) మీద సాలెగూడులా పగుళ్ళు వచ్చాయి. కొన్ని చోట్ల జిగట లాంటిది కారి తెల్లగా ఎండింది. నాలుగు కోర్లు (తొలిచి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీసి నలగ్గొడితే అన్నీ డిజైన్ బలం కంటే ఎక్కువే చూపించాయి. గోడకు ఢోకా లేదనుకోవచ్చా?

జవాబు: అప్పుడే అలా అనుకోకండి. మీరు చెప్పిన లక్షణాలు క్షార–సిలికా చర్యను అనుమానించేలా ఉన్నాయి. ఇంజనీర్లు దీన్ని ఏఎస్ఆర్ అంటారు. ఈ చర్య విషయంలో కంప్రెసివ్ స్ట్రెంత్, అంటే నొక్కుడు బలం, అన్నిటికంటే ఆలస్యంగా నిజం చెప్పే సాక్షి.

ముందు చర్య సంగతి. సిమెంటులో కొద్దిగా సోడియం, పొటాషియం ఉంటాయి. అవి కాంక్రీటు రంధ్రాల్లోని నీటిలో కరిగి పీహెచ్‌ను 13 పైకి తీసుకుపోతాయి. కొన్ని రకాల రాళ్ళలోని సిలికాకు క్రమమైన స్ఫటిక నిర్మాణం ఉండదు. ఓపల్, చెర్ట్, అగ్నిపర్వతపు గాజు, బాగా ఒత్తిడికి గురైన క్వార్ట్‌జ్ ఈ కోవలోకి వస్తాయి. ఆ ఘాటు నీరు ఈ సిలికాను విరగ్గొట్టి క్షార సిలికేటు జెల్‌గా మారుస్తుంది. జెల్ నీరు పీల్చి ఉబ్బుతుంది, కంకర రాయిని లోపలి నుంచి చీలుస్తుంది. 1940లో కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ దీన్ని మొదట గుర్తించి ప్రచురించారు. చర్య నడవాలంటే మూడూ ఉండాలి: అలాంటి సిలికా, తగినంత క్షారం, 80 శాతం పైన తేమ. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఉబ్బు ఆగుతుంది.

మీ దగ్గరున్న కోర్లలో పగలగొట్టనిది ఒకటి మిగిలి ఉంటే దాన్ని అడ్డంగా కోయించండి. తడిపి, ఆరుతుండగా భూతద్దంతో చూడండి. కంకర అంచున ముదురు రంగు వలయం ఉందా? పగులు రాయి మధ్యలో మొదలై, రాయిని రెండుగా చీల్చుకుని సిమెంటు ముద్దలోకి పాకిందా? ఆ పగుల్లో తెల్లటి పదార్థం నిండి ఉందా? ఎండి కుదించుకుపోవడం వల్ల వచ్చే పగులు రాయిని తప్పించుకుని దాని చుట్టూ తిరిగిపోతుంది. ఏఎస్ఆర్ పగులు రాయిలోనే పుడుతుంది. ఈ తేడా కంటికి కనబడేదే, అయినా పెట్రోగ్రాఫర్ (రాళ్ళను పరిశీలించే నిపుణుడు) మైక్రోస్కోపు కింద చూసి ధ్రువపరచాల్సిందే.

ఇక బలం సంగతి. కోర్‌ను నొక్కినప్పుడు లోపలి సన్నపగుళ్ళు మూసుకుంటాయి, అందుకే నొక్కుడు బలం పెద్దగా తగ్గినట్టు కనిపించదు. లాగినప్పుడు అవే పగుళ్ళు నోరు తెరుస్తాయి. అడ్డూ ఆపూ లేకుండా మీటరుకు 2.5 మి.మీ. ఉబ్బిన కాంక్రీటుకు ఇంజనీర్లు వాడే కనిష్ఠ అంచనాలు చూడండి. క్యూబు బలం సుమారు 80 శాతం మిగులుతుంది. లాగుడుకు ఓర్చే తన్యతా బలం 55 దగ్గరకు, వంగకుండా నిలిచే బిగువును చెప్పే ఇలాస్టిక్ మాడ్యులస్ 50 దగ్గరకు పడిపోతాయి. అంటే క్యూబు లెక్కలో గోడ బాగానే ఉంటుంది, అదే బరువుకు వంగడం మాత్రం రెట్టింపవుతుంది. కడ్డీలు పట్టుకున్న దిశలో ఉబ్బు అణిగి, పట్టులేని దిశలో పెరుగుతుంది. అందుకే పిల్లర్లలో ఈ పగుళ్ళు ఎక్కువగా నిలువుగా, ప్రధాన కడ్డీల వెంట వస్తాయి. ఉబ్బు తీవ్రంగా ఉన్నచోట, ప్రధాన కడ్డీలను చుట్టి పట్టే స్టిరప్‌లు వంపు దగ్గర తెగిపోయిన ఉదాహరణలు జపాన్ వంతెనల్లో బయటపడ్డాయి.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. గోడ మీద బాగా పగిలిన చోట ఒక మీటరు గీత అడ్డంగా, ఒకటి నిలువుగా గీయండి. ఆ గీతను దాటే ప్రతి పగులు వెడల్పును క్రాక్ గేజ్‌తో కొలిచి కూడండి. మొత్తం మీటరుకు 0.5 మి.మీ. దాటితే వివరమైన పరిశీలన అవసరం. అక్కడే స్టీలు స్టడ్లు అంటించి, మధ్య దూరాన్ని ఏడాదికి కనీసం రెండుసార్లు, ప్రతి ఏడూ అవే నెలల్లో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలవండి. మధ్యాహ్నం కొలిచిన అంకెను తెల్లవారుజామున కొలిచినదానితో పోలిస్తే ఉష్ణ వ్యాకోచాన్నే ఉబ్బు అనుకునే ప్రమాదం ఉంది. కొత్తగా తీసే కోర్లలో సగాన్ని మాడ్యులస్‌కూ స్ప్లిట్ టెన్సైల్ (తన్యతా బలం) పరీక్షకూ పంపండి. మిగతావాటిని 38 డిగ్రీల తేమ గదిలో ఉంచి ఇంకా ఎంత ఉబ్బు మిగిలి ఉందో చూడమనండి.

మరమ్మతులో జరిగే పెద్ద తప్పు ముందువైపు పగుళ్ళలో ఎపాక్సీ నింపి, పైన నీరు దూరని పెయింటు వేయడం. వెనక మట్టి తడిగా ఉంటుంది, నీరు బయటికి ఆరే దారి మూసుకుపోతుంది, ఆ ఎపాక్సీ పక్కనే కొత్త పగులు వస్తుంది. ముందు గోడ వెనక నీరు పోయే ఏర్పాటు బాగుచేయండి, వీప్ హోల్స్ (నీరు బయటికి పోయే రంధ్రాలు) శుభ్రం చేయండి, పైన కాపింగ్ (గోడ తలమీది కప్పు) వేయండి. తర్వాత ఆరిన ఉపరితలానికి సైలేన్ పట్టించండి. అది నీటి చుక్కను లోపలికి రానివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం పోనిస్తుంది. ఇది జబ్బును నయం చేయదు, వేగం తగ్గిస్తుంది. అంతమాత్రమే అయినా చేయదగిన పనే. కెనడాలోని మాక్టాక్వాక్ డ్యామ్‌లో నీటిని తప్పించే వీలే లేదు. అక్కడ ఉబ్బిన కాంక్రీటుకు చోటివ్వడానికి డైమండ్ వైరుతో నిలువు గాట్లు కోశారు. ఉబ్బు ఆగకపోవడంతో వాటిని మళ్ళీ మళ్ళీ కోయాల్సి వచ్చింది.

ప్రశ్న: కొత్త పనికి చూసిన కంకర 14 రోజుల మోర్టార్ బార్ పరీక్షలో 0.24 శాతం ఉబ్బింది. ఈ కంకరను వదిలేయాల్సిందేనా?

జవాబు: వదిలేయనక్కర్లేదు, జాగ్రత్త మాత్రం తప్పదు. ఇది అమెరికా ప్రమాణమైన ఏఎస్టీఎం సీ 1260 పరీక్ష, ఇందులో కంకరను పొడిచేసి చేసిన బార్లను 80 డిగ్రీల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 14 రోజులు ఉంచుతారు. ఉబ్బు 0.10 శాతం లోపుంటే మంచిది, 0.20 దాటితే అనుమానించాల్సిందే, మధ్యలో ఉంటే తేల్చలేం. ఈ పరీక్ష కఠినమైనది, కొన్ని మంచి రాళ్ళను కూడా తప్పుపడుతుంది. సమయం ఉంటే 38 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు సాగే ప్రిజమ్ పరీక్ష, సీ 1293, చేయించండి. అందులో హద్దు 0.04 శాతం.

సమయం లేకపోతే కంకర చురుకైనదే అనుకుని మిక్స్ దిద్దుకోండి. క్షారం లెక్క ఇలా వేస్తారు. సిమెంటు టెస్ట్ సర్టిఫికెట్‌లో సోడియం ఆక్సైడ్ 0.25 శాతం, పొటాషియం ఆక్సైడ్ 0.90 శాతం ఉన్నాయనుకోండి. రెండోదాన్ని 0.658తో గుణించి మొదటిదానికి కలిపితే 0.84 శాతం వస్తుంది. ఘనమీటరుకు 400 కిలోల సిమెంటు వేస్తే క్షారం 3.4 కిలోలు. 3 కిలోలు దాటకుండా చూడటం సాధారణంగా పాటించే హద్దు, కాబట్టి ఈ మిక్స్ దాటేసింది. సిమెంటులో 25–30 శాతం తక్కువ కాల్షియం ఉన్న ఫ్లై యాష్ గానీ, 50 శాతం స్లాగ్ గానీ, 10–15 శాతం మెటకావొలిన్ (కాల్చిన తెల్లబంకమట్టి పొడి) గానీ పెట్టి, అదే మిశ్రమంతో బార్లు మళ్ళీ పోయించి 0.10 శాతం లోపు వస్తోందో లేదో చూడండి. ఫ్లై యాష్‌లో కాల్షియం ఎక్కువుంటే ఈ పనికి అది అంతగా ఉపయోగపడదు. సిలికా ఫ్యూమ్ (అతి సన్నటి సిలికా పొడి) వాడేవారు దాన్ని బాగా చెదరగొట్టాలి, విడని ఉండలు తామే చురుకైన కంకరలా ప్రవర్తించి ఉబ్బుతాయి.

చెడ్డ కంకరలో సగం మంచి కంకర కలిపితే సమస్య సగమవుతుందని కూడా అనుకోవద్దు. ఓపల్, చెర్ట్ ఉన్న రాళ్ళలో కొద్దిపాళ్ళే ఎక్కువ ఉబ్బును ఇస్తాయి. సిలికా తక్కువై క్షారం ఎక్కువైతే ఒక్కో రేణువుకూ అందే క్షారం పెరుగుతుంది మరి.

ప్రశ్న: ముప్ఫై ఏళ్ళ భవనంలో రీబౌండ్ హ్యామర్ (సుత్తి ఎగిరే తీరును బట్టి బలం అంచనా వేసే పరికరం) కొడితే 40 మెగాపాస్కల్ పైన చూపిస్తోంది. డిజైన్ 25కే. కాలంతో కాంక్రీటు ఇంత గట్టిపడుతుందా?

జవాబు: కొంత గట్టిపడి ఉంటుంది, కానీ మీ హ్యామర్ చూసింది చాలావరకు పైపొరనే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొరబడి సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేటు అవుతుంది. ఆ పొర రంధ్రాలు పూడి గట్టిపడుతుంది, హ్యామర్ సుత్తి ఎక్కువ ఎగురుతుంది. బాగా పాత కాంక్రీటులో ఈ కారణంగా బలం అంచనా 50 శాతం వరకు కూడా ఎక్కువ రావచ్చు. అదే భవనం నుంచి కోర్లు తీసి, ఆ ఫలితంతో హ్యామర్ అంకెల్ని సరిచూసుకోకుండా రిపోర్టులో రాయకండి.

ఇంతకంటే చూడాల్సిన విషయం ఒకటుంది. కార్బొనేషన్ పొర పీహెచ్‌ను 13 నుంచి 9 కిందికి దించుతుంది. అది కడ్డీ దాకా చేరితే కడ్డీ మీదున్న రక్షణ పొర పోతుంది. తుప్పు, అది పుట్టిన ఇనుము కంటే 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కడ్డీ పైనుంచి మిల్లీమీటరులో పదో వంతు కూడా తినకముందే కవర్, అంటే కడ్డీ మీదున్న కాంక్రీటు పొర, పగిలిపోవచ్చు. కాబట్టి బలం అడిగే ముందు లోతు అడగండి.

లోతు చూడటం సులభం. 1 గ్రాము ఫినాల్ఫ్తలీన్‌ను 70 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి, నీటితో 100 మి.లీ. చేయండి. ఉలితో కొట్టి కాంక్రీటును తాజాగా విరగ్గొట్టండి, దుమ్ము ఊది వెంటనే స్ప్రే చేయండి. సున్నం మిగిలినచోట ముదురు గులాబీ రంగు వస్తుంది, కార్బొనేట్ అయినచోట రంగు రాదు. కొద్ది నిమిషాల్లో కొలిచేయండి. నీళ్ళు పోస్తూ కోసిన ముఖం మీద ఈ పరీక్ష చేయకూడదు. రంపం సున్నం బురదను పైపొర మీదికి పూస్తుంది, అంతా గులాబీ రంగే కనబడుతుంది. డ్రిల్ పొడి కూడా ఇలాగే మోసం చేస్తుంది.

లోతు కాలం వర్గమూలంతో పెరుగుతుంది. 30 ఏళ్ళకు 18 మి.మీ. వచ్చిందనుకుందాం. 18ని 30 వర్గమూలమైన 5.48తో భాగిస్తే 3.3. కవర్ 25 మి.మీ. ఉన్నచోట 25ని 3.3తో భాగించి వర్గం చేస్తే 57 ఏళ్ళు, అంటే ఇంకా 27 ఏళ్ళ వ్యవధి ఉంది. కానీ కవర్ బ్లాకు జారి 15 మి.మీ.కే పరిమితమైన చోట ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అందుకే సగటు కవర్ చూసి ధీమా పడకూడదు, కవర్ మీటరుతో తక్కువ ఉన్నచోట్లు వెతకాలి. ఈ చర్య అన్నిటికంటే వేగంగా నడిచేది 50–70 శాతం తేమలో. పూర్తిగా తడిసినచోట గ్యాసు దూరదు, పూర్తిగా ఎండినచోట చర్యకు నీరు చాలదు. అందువల్ల వాన తగలని లోపలి బాల్కనీ స్లాబు అడుగు, వాన తగిలే బయటి గోడ కంటే లోతుగా కార్బొనేట్ అయి ఉండటం మామూలే.

ప్రశ్న: 1.8 మీటర్ల మందం ఫౌండేషన్‌కు ఘనమీటరుకు 430 కిలోల సిమెంటు మిక్స్ ఇచ్చారు. పోసేటప్పటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. వేడి వల్ల పగుళ్ళొస్తాయని తెలుసు, దానికి మించిన దీర్ఘకాల నష్టం ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. పోసిన తొలి రోజుల్లో లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటితే, ఆ దశలో మామూలుగా ఏర్పడాల్సిన ఎట్రింగైట్ (సల్ఫేటు, అల్యూమినేటు, నీరు కలిసి ఏర్పడే స్ఫటికం) నిలవదు. దానిలోని సల్ఫేటు జిగురులో ఇరుక్కుంటుంది. కాంక్రీటు గట్టిపడి, చల్లారి, నెలలో ఏళ్ళో గడిచాక తేమ తగిలితే ఆ సల్ఫేటు బయటికొచ్చి ఎట్రింగైట్ అప్పుడు పుడుతుంది. అప్పటికి అది ఇమడడానికి చోటుండదు. ముద్ద మొత్తం ఉబ్బి, కంకర చుట్టూ ఖాళీ వలయాలు ఏర్పడతాయి. తన్యతా బలం, మాడ్యులస్ పడిపోతాయి. ఆవిరితో క్యూర్ చేసిన రైల్వే స్లీపర్లలో ఇది మొదట పెద్ద ఎత్తున బయటపడింది.

మీ లెక్క చూద్దాం. మందమైన పోతలో 100 కిలోల మామూలు సిమెంటుకు సుమారు 12 డిగ్రీలు పెరుగుతాయి. 430 కిలోలకు 52. 30తో కలిపితే 82 డిగ్రీలు, హద్దుకు చాలా పైన. 30 శాతం ఫ్లై యాష్ పెడితే సిమెంటు 301 కిలోలకు దిగుతుంది. ఫ్లై యాష్ వేడిని సిమెంటులో సగంగా లెక్కగడితే పెరుగుదల 44 డిగ్రీలు. కలిపే నీటిలో 50 కిలోల బదులు మంచుముక్కలు వాడితే పోత ఉష్ణోగ్రత 8–9 డిగ్రీలు తగ్గుతుంది. 21 కీ 44 కీ కలిపితే 65–66 డిగ్రీలు. బయటపడ్డట్టే. మంచు బరువును నీటి లెక్కలోనే వేయాలి, మిక్సర్ నుంచి దిగేలోపు పూర్తిగా కరగాలి.

నడిబొడ్డులో ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ), పై ముఖానికి 50 మి.మీ. లోతున ఇంకొకటి పెట్టండి. రెండింటి తేడా 20 డిగ్రీలు దాటకుండా పైన దుప్పట్లు కప్పి ఉంచండి. మూడో రోజున దుప్పట్లు తీసేసి చన్నీళ్ళు కొట్టడం చాలా చోట్ల చూస్తుంటాం. లోపల 60 డిగ్రీలుండగా పైచర్మాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే పగులుతుంది, తర్వాత తేమ లోపలికి దిగే దారి కూడా ఆ పగుళ్ళే అవుతాయి.

ప్రశ్న: భూమిలో సల్ఫేట్లు ఎక్కువ అన్నారు. సిమెంటు ఎక్కువ వేస్తే సరిపోతుందా, సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటే కావాలా?

జవాబు: ముందు నీరు ఎంత సులువుగా లోపలికి దిగుతుందన్నది తేల్చాలి. భూగర్భజలంలో సల్ఫేటు లీటరుకు 1,500 మి.గ్రా. దాటితే నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు. సిమెంటు పెంచి నీరు కూడా పెంచితే లాభం సున్నా. సల్ఫేటు సిమెంటులోని ట్రైకాల్షియం అల్యూమినేటుతో కలిసి ఎట్రింగైట్‌ను, సున్నంతో కలిసి జిప్సమ్‌ను ఇస్తుంది. అందుకే ఆ అల్యూమినేటు 5 శాతం లోపున్న సిమెంటును ఎంచుతారు. అయితే మెగ్నీషియం సల్ఫేటు నేరుగా జిగురునే తినేస్తుంది, దాని ముందు ఆ ప్రత్యేక సిమెంటు ఒక్కటే నిలవదు. భూమిలో క్లోరైడ్లు కూడా ఉంటే మా ఓటు స్లాగ్ కలిపిన సిమెంటుకే. అల్యూమినేటు తక్కువున్న సిమెంటు క్లోరైడ్‌ను తక్కువగా బంధిస్తుంది, కాబట్టి కడ్డీలకు ఆపద పెరుగుతుంది.

దెబ్బ ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. అంచులు, మూలలు ముందు మెత్తబడి రాలతాయి. నేలమట్టానికి కొద్దిగా పైన, కిందినుంచి పాకిన నీరు ఆవిరయ్యే పట్టీలో ఉప్పు పేరుకుని పెచ్చులూడతాయి. మధ్యలో తీసిన కోర్ బాగుందని ఈ పట్టీని వదిలేయకండి.

ప్రశ్న: సన్నటి పగుళ్ళు వాటంతటవే మూసుకుంటాయంటారు. నమ్మవచ్చా?

జవాబు: నీటి కారుడు వరకు నమ్మవచ్చు. 0.1 మి.మీ. లోపు పగులులో నీరు నెమ్మదిగా కదులుతుంటే, మిగిలిన సున్నం కరిగి వచ్చి కార్బొనేటుగా పేరుకుంటుంది, చర్య జరగని సిమెంటు కూడా కొంత కలిసొస్తుంది. 0.2 మి.మీ. దాకా కొన్ని వారాల్లో కారడం తగ్గవచ్చు. పగులు కదలకూడదు, నీరు ఆమ్లంగా ఉండకూడదు. మూసుకున్న పగులు లాగుడుకు మళ్ళీ విడిపోతుంది, కాబట్టి బలం లెక్కలో దాన్ని కలపకండి.

ప్రశ్న: బీమ్ పోసి నాలుగేళ్ళయినా ఇంకా కుంగుతూనే ఉంది. పగుళ్ళు లేవు, తుప్పు లేదు. ఇది కూడా రసాయన చర్యేనా? త్వరగా గట్టిపడుతుందని మరమ్మతుకు హై అల్యూమినా సిమెంటు వాడమంటున్నారు, వాడవచ్చా?

జవాబు: కుంగుబాటు పేరు క్రీప్. కాంక్రీటు మీద బరువు ఎప్పుడూ ఉంటే, జిగురులోని పొరలు నీటి పలచటి తెరల మీదుగా ఒకదాని మీద ఒకటి మెల్లగా జారుతూ పోతాయి. ఇది పూర్తిగా రసాయన చర్య కాదు గానీ, బరువు పడేనాటికి ఎంత జిగురు తయారైందన్న దాని మీద దాని పరిమాణం ఆధారపడుతుంది. ఏడో రోజున సెంట్రింగ్ తీసిన బీము, 28వ రోజున తీసినదాని కంటే జీవితాంతం ఎక్కువ కుంగుతుంది.

ఎంత మామూలో తెలుసుకోవడానికి అమెరికన్ కాంక్రీట్ ఇన్స్టిట్యూట్ (ఏసీఐ) పద్ధతి సులువు. బరువు పడగానే వచ్చిన కుంగుబాటుకు అదనంగా 3 నెలలకు 1 రెట్టు, ఏడాదికి 1.4, ఐదేళ్ళకు 2 రెట్లు చేరుతుంది. పైవైపు నొక్కుడు కడ్డీలు సెక్షన్‌లో 0.5 శాతం ఉంటే ఈ అంకెల్ని 1.25తో భాగించాలి, అప్పుడు 2 కాస్తా 1.6 అవుతుంది. పైవైపు నొక్కుడు కడ్డీలు లేక, శాశ్వత బరువుకు మొదట 6 మి.మీ. కుంగిన బీము ఐదేళ్ళకు 18 మి.మీ. దగ్గర ఉండటం లెక్కకు లోబడినదే. అంతకు మించితే మాడ్యులస్ పరీక్షించండి. పొడవాటి వంతెనల్లో క్రీప్ ఐదేళ్ళతో ఆగదు. పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దేశపు కొరోర్–బబెల్దావోబ్ వంతెన 1977లో తయారైంది. 241 మీటర్ల దాని నడిమి స్పాన్ రెండు దశాబ్దాల లోపే మీటరుకు పైగా కుంగింది. మరమ్మతు చేసిన కొద్ది నెలలకు, 1996 సెప్టెంబరులో కూలిపోయింది.

హై అల్యూమినా సిమెంటును బరువు మోసే బీములో వాడొద్దని మా గట్టి సలహా. అది 24 గంటల్లో గొప్ప బలం ఇస్తుంది, నిజమే. కానీ మొదట ఏర్పడే హైడ్రేట్లు నిలకడలేనివి. వేడి, తేమ ఉన్నచోట అవి దట్టమైన వేరే హైడ్రేటుగా మారతాయి, ఘనపదార్థం పరిమాణం దాదాపు సగానికి తగ్గుతుంది, మిగిలిన చోటంతా రంధ్రాలే. నీరు ఎక్కువ పోసిన మిక్స్‌లో బలం పెద్ద ఎత్తున పడిపోతుంది. 1973–74లో బ్రిటన్‌లో పాఠశాలల పైకప్పులు ఈ సిమెంటు బీములతో కూలాయి, వాటిలో ఒకటి లండన్ స్టెప్నీలోని పాఠశాల ఈతకొలను పైకప్పు. కొలిమి లైనింగు లాంటి వేరే పనికి వాడాల్సి వస్తే నీటి నిష్పత్తి 0.40 దాటనివ్వకండి. 24 గంటల క్యూబును నమ్మకండి. క్యూబులను 38 డిగ్రీల నీటిలో 5 రోజులు ఉంచి నలగ్గొడితే వచ్చే తక్కువ అంకెనే డిజైన్‌లో వేసుకోండి.